ఉధ్నా తెలుగువారి ఫిర్యాదులు: వలస చరిత్రలో ఒక అధ్యాయం

ముంబయి నుండి సూరత్‌కు పోయే రైలుమార్గంలో, సూరత్ ఇంకా కొద్ది దూరంలో ఉందనగా తగిలే జంక్షన్ ఉధ్నా. తపతీ నది లోయ వెంబడి జలగాం నుండి వచ్చే రైలుమార్గం ఇక్కడే ప్రధాన మార్గంలో కలుస్తుంది. 19వ శతాబ్ది చివర ఈ మార్గాన్ని వేసినవారి దృష్టి ఖాందేశ్ పత్తి మీద ఉండినది. ఆ పట్టాల మీదుగా ఒకనాటికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నేతకారులు కుటుంబాలతో సహా దిగుతారని వారు ఊహించి ఉండరు. చెన్నై నుండి విజయవాడ, వరంగల్, బల్లార్షా, భుసావళ్ మీదుగా అహ్మదాబాద్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోతుంది. ఉధ్నా, లింబాయత్, పాండేసరా, డిండోలీ ప్రాంతాలలో నివసించే తెలుగు కుటుంబాలలో పలువురికి ఆ రైలు పేరు సొంత ఊరి పేరంత పరిచితమైనది.

ఈ తెలుగువారిని గురించి రెండు వైపులా వినవచ్చే మాట ఒకటుంది. వీరికి ఎక్కడా తృప్తి లేదు, ఎప్పుడూ ఏదో ఒక ఫిర్యాదు చేస్తూనే ఉంటారు అన్నది ఆ మాట. నీరు చప్పన, పప్పులో బెల్లం, గది ఇరుకు, సాంచాల చప్పుడుకు చెవులు పోతున్నాయి, సేఠ్ లెక్క తేల్చడు, పిల్లలకు తెలుగు రాదు. ఇలా ఆ జాబితా సాగుతుంది. అంత కష్టమైతే తిరిగి పోరాదా అని సూరత్‌లోని ఇరుగుపొరుగు ప్రశ్నిస్తారు. నాలుగు డబ్బులు చూసి కూడా మూలుగుతారెందుకని ఊరిలోని బంధువులు విసుక్కుంటారు. రెండు ప్రశ్నలలోనూ దాగి ఉన్న భావం ఒక్కటే. అన్నం పెట్టిన ఊరిని నిందించడం కృతఘ్నత అని. చరిత్ర విద్యార్థి ఈ అభిప్రాయాన్ని యథాతథంగా అంగీకరించలేడు. వలస వచ్చినవాడు ఎందుకు ఫిర్యాదు చేస్తాడు, దేనిని గురించి చేస్తాడు, ముఖ్యంగా ఎవరితో చేస్తాడు అన్న అంశాలను విడివిడిగా పరిశీలిస్తే గాని ఆ మాటలోని నిజానిజాలు తేలవు.

సూరత్ నగరానికి పరదేశుల ఫిర్యాదులు కొత్తవి కావు. ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోను, 1613లో సూరత్‌లోను వర్తక స్థావరాలు నెలకొల్పింది. ఒక విధంగా తెలుగు తీరమూ గుజరాత్ తీరమూ ఒకే వర్తక చరిత్రలో జంట రేవులు. సూరత్ నుండి గోల్కొండకు పోయే మార్గాలను 17వ శతాబ్దిలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే తన యాత్రా గ్రంథంలో వివరించాడు. జేమ్స్ రాజు రాయబారిగా 1615 సెప్టెంబరులో సూరత్ సమీపాన సువాలీ రేవులో దిగిన సర్ థామస్ రో మొదటి రోజులలోనే నగర పాలకునితో కయ్యానికి దిగవలసి వచ్చింది. తన సామాను సోదా చేస్తామనడం రాయబారికి అవమానమని అతని పట్టు. అతని దినచర్యలో ఆ కోపమంతా నమోదై ఉంది. అటు తరువాత ఆ కంపెనీ ఉద్యోగులు లండన్‌కు వ్రాసిన లేఖలలో ఎండ, జ్వరాలు, చాలని జీతం, అధికారుల వేధింపు పదే పదే కనిపిస్తాయి. లాభం కోసం స్వచ్ఛందంగా సముద్రాలు దాటి వచ్చి, కాపలావాళ్ళను, వంటవాళ్ళను పెట్టుకొని జీవించినవారు సైతం ఇంతగా వాపోయారు. వారి ఫిర్యాదును చరిత్రకారులు ఆధారపత్రంగా స్వీకరించి గ్రంథాలు రచించారు. సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడేవాని ఫిర్యాదును మాత్రం సణుగుడుగా కొట్టివేయడం న్యాయం కాదు.

తెలుగు నేతకారుల వలస సూరత్‌తో మొదలు కాలేదు. నిజాం రాజ్యం నుండి కూలీలుగా పోయిన కామాటీల పేరనే బొంబాయిలో కామాటిపుర ఏర్పడింది. 19వ శతాబ్దిలో సోలాపూర్‌కు పద్మశాలీలు తరలిపోయారు; అక్కడ వారు మగ్గాలకు యజమానులైనారు, కార్మికులైనారు, నగర రాజకీయాలలో నాయకులూ అయినారు. బొంబాయి మిల్లులలోను, తరువాత భీవండి మరమగ్గాల మీద తెలంగాణ కార్మికులు పనిచేశారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె సుమారు రెండున్నర లక్షల మందిని వీధిలో నిలబెట్టింది. అనేక మిల్లులు మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. పని పోయిన నేతగాళ్ళలో కొందరు భీవండిని, కొందరు సూరత్‌ను ఆశ్రయించారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ వలసను మూడు మాటలలో చెప్పడం పరిపాటి. ఆ నానుడిలో సూరత్‌కు చోటు దక్కలేదు.

సూరత్‌లో జరీ, పట్టు నేత పాతది. ఖత్రీలు మొదలైన స్థానిక నేతవర్గాల చేతిలో ఉండిన ఆ వృత్తి, రేయాన్, నైలాన్, ఆపై పాలియెస్టర్ దారాల రాకతో మరమగ్గాల పరిశ్రమగా విస్తరించింది. స్వాతంత్ర్యానంతర దశాబ్దాలలో ఉధ్నాలో సహకార పద్ధతిన ఉద్యోగనగర్ ఏర్పడింది. ఆ పక్కనే పాండేసరాలో రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ వాడ వెలసింది. 1961లో మూడు లక్షల లోపు జనాభా గల సూరత్ 1991 నాటికి సుమారు 15 లక్షలకు, 2011 నాటికి సుమారు 45 లక్షలకు చేరింది. ఇంత వేగంగా పెరిగిన నగరంలో స్థానికుడెవరు, పరాయివాడెవరు అన్నది తేల్చడం కష్టం. మగ్గాల యజమానులలోను, వజ్రాల సాన పరిశ్రమలోను సౌరాష్ట్ర నుండి వచ్చిన పటేళ్ళు అధికం. వస్త్ర మార్కెట్లలో రాజస్థాన్ వర్తకులు ప్రముఖులు. మగ్గాల మీద గంజాం జిల్లా ఒడియా కార్మికులు, ఉత్తరప్రదేశ్, బీహారు, ఖాందేశ్ వాసులు, వీరి మధ్య తెలుగువారు. అందరూ వచ్చినవారే. కాకపోతే కొందరు పెట్టుబడితో వచ్చారు, కొందరు చేతులతో వచ్చారు.

తెలుగు నేతకారుని ఫిర్యాదుకు మూలం ఈ చేతుల విషయంలోనే ఉన్నది. ఊరిలో చేమగ్గం ఇంటి వస్తువు. భార్య కండెలు చుట్టేది, తండ్రి పడుగు సరిచేసేవాడు, పిల్లవాడు అచ్చు అతికేవాడు. షావుకారు నూలు ఇచ్చి బట్ట తీసుకొనేవాడు. అక్కడ దోపిడీ లేదనడం సత్యదూరం. అయినా పని వేళ తన చేతిలో ఉండేది, పనిలో తన పేరు ఉండేది. మరమగ్గాల షెడ్డులో అదే మనిషి కారీగర్ అయినాడు. పన్నెండు గంటల పాళీలు రెండు. ఒక్కొక్కరి పర్యవేక్షణలో అనేక సాంచాలు. కూలి నేసిన మీటర్ల లెక్కన. దారం తెగినా, కరెంటు పోయినా, మార్కెట్టులో సరుకు కదలక సేఠ్ మగ్గాలు ఆపినా నష్టం కార్మికునిదే. ఫ్యాక్టరీల చట్టం 1948 నుండి ఉన్నప్పటికీ, ఒకే కప్పు కింది మగ్గాలను నాలుగు పేర్ల మీద విడదీసి చూపడం ద్వారా పలువురు యజమానులు దానికి అందకుండా పోయారు. దక్షిణ గుజరాత్ శ్రామికులను దశాబ్దాల పాటు పరిశీలించిన డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ ఈ విషయాలను విస్తారంగా చర్చించాడు.

ఇక ఆ కార్మికుడు ఎవరితో మొరపెట్టుకోవాలి? సేఠ్‌తో చెప్పుకొంటే మరునాడు ఆ సాంచాల మీద మరొకడు నిలబడతాడు. నియామక పత్రం లేదు కనుక లేబరు కార్యాలయంలో తాను ఫలానా చోట పనిచేస్తున్నానని రుజువు చేయడమే మొదటి సమస్య. సంఘం పెట్టుకొందామంటే భాషలు వేరు, ఊళ్ళు వేరు, బస్తీలు వేరు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం పార్లమెంటు 1979లో చేసిన చట్టం కంట్రాక్టరు ద్వారా తరలించబడినవారిని దృష్టిలో ఉంచుకొని రూపొందింది. బావమరిది వెంట రైలెక్కి వచ్చినవాడికి అది వర్తించలేదు. తనంతట తాను వచ్చిన కార్మికుని నిర్వచనంలో చేర్చినది 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్. అనగా నలభై ఏళ్ళకు పైగా ఉధ్నా నేతగాడు చట్టం దృష్టిలో వలస కార్మికుడే కాడు.

చెప్పవలసినచోట చెప్పలేని మాట మరొక చోట బయటపడుతుంది. కూలి రేటును గురించి మాట్లాడలేనివాడు నీటి రుచిని గురించి మాట్లాడతాడు. పన్నెండు గంటల పాళీని ప్రశ్నించలేనివాడు పప్పులో బెల్లాన్ని ప్రశ్నిస్తాడు. తాగే నీరు, తినే తిండి, గాలి, భాష, ఇవన్నీ ఎవరికీ చెందనివి. వాటిని తిట్టినందుకు ఎవరూ పనిలోనుండి తీసివేయరు. వలసజీవుల ఫిర్యాదులు చిల్లర విషయాల చుట్టూ తిరుగుతున్నట్లు కనిపించడానికి ప్రధాన కారణం ఇదేనని భావించవచ్చు. గుజరాత్‌లో 1960 నుండి అమలులో ఉన్న మద్యనిషేధాన్ని గురించి, కల్లు దొరకకపోవడాన్ని గురించి మగవారు చేసే ఫిర్యాదు మాత్రం వేరు. దానితో ఇంటి ఆడవారు ఏకీభవించిన దాఖలాలు అరుదు.

ఇంటికి వ్రాసే ఉత్తరంలో ఫిర్యాదుకు చోటు తక్కువ. మనియార్డరు ఫారం అడుగున ఉండే చిన్న గడిలో కార్మికుడు వ్రాసినది క్షేమమనే. చెల్లెలి పెళ్ళికి, తండ్రి చేసిన అప్పుకు పూచీపడి వచ్చినవాడు తన కష్టాన్ని అక్కడ వెల్లడిస్తే వచ్చిన పనే వ్యర్థమవుతుంది. పైగా వేసవి పెళ్ళిళ్ళకు ఊరు వచ్చినప్పుడు సూరత్ చీరలు పంచిపెట్టి, తాను బాగున్నట్లు కనబడి తీరాలి. అలా కనబడినందువల్లనే మరుసటి సంవత్సరం మరో ఇద్దరు యువకులు రైలెక్కారు. ఊరికి చెప్పలేక, యజమానికి చెప్పలేక మిగిలిన మాట తోటి తెలుగువారి మధ్య, పాళీ మారే వేళ టీ బండి దగ్గర, కుల సంఘం సమావేశంలో వినబడింది. బయటివారికి తెలుగువారు ఎప్పుడూ ఫిర్యాదు చేస్తూనే ఉంటారనిపించింది ఆ చోట్ల వినబడిన మాటల వల్లనే. నిజానికి అది ఒక విధమైన పరస్పర పరిచయం. ఏ షెడ్డులో లెక్క సరిగా తేలుస్తారు, ఏ గది యజమాని నీటికి వేరే డబ్బు అడుగుతాడు, ఏ ఆసుపత్రిలో మందులు దొరుకుతాయి అన్న సమాచారం ఫిర్యాదు రూపంలోనే చేతులు మారింది.

ఫిర్యాదుకు అవకాశమే లేనిచోట ఏమి జరుగుతుందో తెలుగువారి వలస చరిత్రలోనే ఉదాహరణలు కలవు. బర్మాలో కోరంగీలని పిలువబడిన తెలుగు రేవు కూలీలు 1930 మే నెలలో కూలి పెంపు కోరి రంగూన్‌లో సమ్మె చేశారు. ఓడల యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్నారు; రాజీ కుదరగానే ఆ బర్మీయులను పంపివేశారు. మే 26న రెండు వర్గాల పేదలు ఒకరిపై ఒకరు పడ్డారు, అనేకులు హతులైనారు. యజమానులపై పెట్టిన ఫిర్యాదు రెండు జాతుల వైరంగా మారిపోయింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కాలినడకన బర్మా నుండి బయలుదేరినవారిలో ఈ తెలుగువారూ ఉన్నారు. సూరత్‌లో ఇంతటి వైపరీత్యం తెలుగువారికి ఎదురు కాకపోవడం నగరానికి కీర్తికరమే. అయినా ఇక్కడా నగరం ఖాళీ అయిన సందర్భాలు లేకపోలేదు.

1994 సెప్టెంబరులో తపతీ వరదలు తీసిన తరువాత సూరత్‌లో ప్లేగు వ్యాధి వార్త వ్యాపించింది. కొద్ది రోజులలోనే లక్షలాది జనం రైళ్ళలో, బస్సులలో నగరాన్ని విడిచారు. మురికివాడలలో కార్మికులు, వారిలో తెలుగువారు, ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన మాటలే, తీయని చెత్త, పారని మురుగు, చాలని మరుగుదొడ్లు, అప్పుడు దేశమంతటా పత్రికల మొదటి పేజీకి ఎక్కాయి. తమ ఊళ్ళకు చేరినవారికి అక్కడ స్వాగతం లభించలేదు. రోగం మోసుకొచ్చారన్న భయంతో పలుచోట్ల సూరత్ ప్రయాణికులను అనుమానంగా చూశారు. సూరత్‌లో పరాయివారు, సొంత ఊరిలో సూరత్‌వారు. మగ్గాలు తిరిగి మొదలవగానే అత్యధికులు వెనుకకు వచ్చారన్నది గమనార్హం. అదే ఊరిని మళ్ళీ నిందిస్తూ అక్కడే బ్రతకసాగారు. 1995లో నగరపాలక సంస్థ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చేపట్టిన పారిశుద్ధ్య కార్యక్రమం రెండేళ్ళలో సూరత్‌కు దేశంలో పరిశుభ్ర నగరమన్న పేరు తెచ్చింది. అధికారులు ప్రతిరోజూ కార్యాలయం విడిచి వీధులలో తిరగాలన్నది ఆయన పెట్టిన ప్రధాన నియమం. ఎవరికి చెప్పాలో తెలియని ఫిర్యాదుకు మొదటిసారి ఒక ముఖం ఎదురైంది. పాలనా వ్యవహారాలతో పరిచయం గలవారికి ఇందులోని విలువ తెలుస్తుంది. ఫిర్యాదు రాని వార్డు బాగున్న వార్డు కానక్కరలేదు, చెప్పి లాభం లేదని ప్రజలు తేల్చుకొన్న వార్డు కావచ్చు.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదలిన నీరు నగరంలో అధికభాగాన్ని ముంచింది. లింబాయత్ వంటి పల్లపు ప్రాంతాలలో ఖాడీ పొంగడం వానాకాలపు మామూలు బాధ. 2020 మార్చిలో దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ విధించినప్పుడు కూలి లేక, గది అద్దె కట్టలేక, ఊరికి పోయే దారి లేక సూరత్ కార్మికులు ఏప్రిల్‌లో వీధులకెక్కారు. వారిలో ఒడియా వారే ఎక్కువ. నిలవ సొమ్ము లేని రోజు కూలీకి ఏ భాషలోనైనా ఒకటే గతి.

నేతకారులు, వలస అన్న ప్రస్తావనలో ఈ ప్రాంతానికే చెందిన ఒక ప్రాచీన శాసనాన్ని విస్మరించడానికి వీలులేదు. సూరత్, భరూచ్ ప్రాంతాలతో కూడిన దక్షిణ గుజరాత్‌ను పూర్వం లాటదేశమనేవారు. ఆ లాటదేశపు పట్టు నేతకారుల శ్రేణి ఒకటి క్రీస్తు శకం 5వ శతాబ్దిలో మాళవంలోని దశపురానికి, అనగా నేటి మందసోర్‌కు, వలస పోయింది. వత్సభట్టి అనే కవి రచించిన వారి శాసనం ప్రకారం మాళవ సంవత్సరం 493లో ఆ శ్రేణి సూర్యదేవాలయం కట్టించింది, 529లో దానిని బాగుచేయించింది. శ్రేణి సభ్యులలో కొందరు నేతనే పట్టుకొని ఉండగా, కొందరు విలువిద్యలో, కొందరు జ్యోతిషంలో, కొందరు కథాప్రవచనంలో ప్రవేశించారని అందులో చెప్పబడింది. ప్రయాణంలో పడిన శ్రమను లెక్కచేయలేదన్నారు. విడిచివచ్చిన లాటదేశపు కొండలను, చెట్లను, గుడులను, విహారాలను మాత్రం ముచ్చటగా వర్ణించుకొన్నారు. ఆశ్రయమిచ్చిన రాజును పొగడుతూ వ్రాయించిన రాతిలో ఫిర్యాదుకు చోటెక్కడిది? కాని తరం మారుతున్నా తమను లాటదేశం వారుగానే చెప్పుకొన్న ఆ పట్టుదలలో ఉధ్నా నేతకారులకు అర్థమయ్యే విషయమొకటి కలదు. లాట నుండి నేతగాళ్ళు వెళ్ళిపోయిన పదిహేను శతాబ్దాల తరువాత లాటకు నేతగాళ్ళు వచ్చారు. సోలాపూర్‌లోవలెనే ఇక్కడి పద్మశాలీలూ మార్కండేయుని, భావనాఋషిని కొలుస్తారు.

రెండవ తరం ఫిర్యాదు మొదటి తరానిది కాదు. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లం వంటి మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ నడుస్తున్నాయి. తెలుగు రాష్ట్రాలకు వెలుపల ఒక నగరపాలక సంస్థ తెలుగు బడులు నడపడం సామాన్యమైన విషయం కాదు. దీనికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. అయితే తండ్రికి అక్కడే సంకటం. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు గుజరాత్‌లో ఉద్యోగ పరీక్షకు వెళ్ళేటప్పుడు గుజరాతీ కావాలి. గుజరాతీలో చదివినవానికి తాత వ్రాసిన చీటీ చదవరాదు. ఆంగ్ల మాధ్యమానికి ఫీజు కట్టాలంటే భార్య ఇంట్లో కూర్చొని చీరల అంచులకు లేసు కుట్టాలి, రాళ్ళు అతకాలి. ఆ పనికి ముక్కకు ఇంతని ఇచ్చే కూలి ఇంటి ఖర్చులో కలిసిపోతుంది గాని లెక్కలోకి రాదు. స్త్రీల ఈ ఫిర్యాదు సంఘం సమావేశాలలో వినబడినది తక్కువ. ఉధ్నా తెలుగువారి చరిత్రను ఎవరైనా సమగ్రంగా వ్రాయ పూనుకుంటే మొదట సేకరించవలసినది వీరి మాటలే.

బతుకమ్మ వేళ మాత్రం ఆడవారి గొంతే పైకి వినిపిస్తుంది. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ ఆరంభమై దుర్గాష్టమికి ముగుస్తుంది. మరునాటి పాడ్యమి నుండి గుజరాత్‌లో నవరాత్రి గర్బా మొదలవుతుంది. ఒకచోట పూలగోపురం, మరొకచోట దీపం పెట్టిన మట్టికుండ నడుమ ఉంటుంది. చుట్టూ వలయంగా స్త్రీలు, చప్పట్లు, పాట. దూరం నుండి చూచేవారికి రెండింటికీ తేడా తెలియదు. దగ్గరకు పోతే ఫిర్యాదు వినబడుతుంది. గునుగు పూలు దొరకలేదని, బంతిపూలతోనే పేర్చవలసి వచ్చిందని, తంగేడు లేని బతుకమ్మ బతుకమ్మేనా అని పెద్దవారు అంటారు. గుజరాత్‌కు తంగేడు పరాయిదేమీ కాదు. ఆవళ్ అన్న పేరుతో పొడి నేలలలో విరివిగా పూస్తుంది. ఉధ్నా నుండి ఆ పొలాల దాకా వెళ్ళి పూలు కోసుకురావడానికి ఒక పూట కావాలి. పాళీ వదిలితే ఆ పూట కూలి పోతుంది.